ఉప్పునీళ్ళు తాగినవాళ్ళకి మంచినీళ్ళు

అంకుల్ పోయారన్న వార్త గోడ మీంచి వచ్చింది. జనవరి నెల, మధ్యాహ్నం పూట. ఐర్లండులో, కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో మా అద్దె ఇంటి పెరడుకీ వాళ్ళ పెరడుకీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. కరోనా వచ్చాక మా రెండిళ్ళ రాకపోకలన్నీ ఆ గోడ మీంచే. పప్పు గిన్నె, స్పానరు, చదివేసిన పేపర్లు, పోట్లాటలు, అన్నీ. ఆ రోజు వాళ్ళమ్మాయి వచ్చి గోడకి అవతల రెండు మీటర్లు వదిలి నిలబడింది. ఇక్కడే పెరిగిన పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్క్ యాస ఇంగ్లీషులో ఇస్తుంది. "డాడ్ ఈజ్ గాన్, అన్నా," అంది. మళ్ళీ తనే, "నిన్న ఫోన్లో గ్రాండ్‌గా ఉన్నాడు," అంది. గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ళ మాటలో బాగానే అని. ఆ ఒక్క వాక్యం ఎందుకో తెలుగులో అంది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. ఎక్కడ తగిలిందో ఎవరికీ తెలియదు. ఆంటీకి తలుపు దగ్గరిదాకా కూడా వెళ్ళడానికి లేకపోయింది. ఆఖరి మాటలు నర్సు పట్టుకున్న ఫోనులోంచి వచ్చాయి. హీటింగ్ ఎన్ని గంటలకి పెడుతున్నారని అడిగారట.

ఊళ్ళో తెలుగు పిల్లలంతా ఆయన్ని బాయిలర్ అంకుల్ అనేవాళ్ళు. కాకినాడ వైపు మనిషి. చాలా ఏళ్ళు సరుకు ఓడల ఇంజను గదుల్లో పనిచేసి, పెళ్ళయ్యాక నేల మీదికి వచ్చి, ఇక్కడొక మందుల ఫ్యాక్టరీ బాయిలర్ హౌసులో రిటైరయ్యేదాకా ఉన్నారు. ఇక్కడి తెలుగువాళ్ళలో ఎక్కువమంది కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం. చేతికి మసి అంటిన మనిషి మాకు ఆయనొక్కరే.

నాకు పరిచయమైంది కూడా బాయిలర్ వల్లే. చదువుకోవడానికి వచ్చిన మొదటి చలికాలం, ఆరుగురం కుర్రాళ్ళం ఉన్న ఇంట్లో హీటింగ్ ఆగిపోయింది. ఇంటి యజమాని ఫోనెత్తడు. నేను అద్దెదారుల హక్కుల మీద రెండు పేజీల ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. అంకుల్ గోడ దాటి వచ్చి, వంటగదిలో, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమర తలుపు తీసి, లోపలున్న పైపుని మునివేళ్ళ వెనకవైపుతో తాకి చూశారు. వేడి వస్తువుని అరచేత్తో ఎప్పుడూ తాకేవారు కాదు. "అరచేత్తో పట్టుకుంటే చెయ్యి మూసుకుపోద్దిరా, వదల్లేవు," అనేవారు. రేడియేటరుకి చెవి ఆనించి విన్నారు. ఏదో చిన్న కుళాయి తిప్పారు. ఇల్లంతా టకటకమంటూ వేడెక్కింది.

"ఇంతేనా అంకుల్?" అన్నాను.

"ఇంతే. ప్రెషరు పడిపోయింది. నువ్వేం రాస్తున్నావు?"

"ఓనర్ మీద కంప్లయింటు."

"ఆయ్. రాయి రాయి. వేడిగా ఉన్నప్పుడు రాస్తే బాగా వస్తది," అని నవ్వారు. ఎదుటివాడి మాటకి ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఆయన మొదటి మాట 'ఆయ్'. అది అవునో కాదో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నా గురించి ఒక్క ముక్క చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. నేను ఖమ్మంలో చిన్న చిన్న పుస్తకాలు, కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. కాలేజీలో చెప్పినదానికంటే బస్టాండు దగ్గర పంచిన కాగితాల్లో ఎక్కువ నేర్చుకున్నాననే నమ్మకం నాది. ఇప్పటికీ అదే నమ్మకం. కాకపోతే అప్పట్లో, ముప్పై రెండు పేజీల్లో పట్టని విషయం లోకంలో లేదనుకునేవాణ్ణి.

ఆ తర్వాతి మే నెల ఏడో తారీఖున, "కోవ్ వెళ్తున్నాను, వస్తావేంట్రా?" అన్నారు. కోవ్ అంటే కార్క్ నౌకాశ్రయం నోటి దగ్గరున్న ఊరు. బ్రిటిషువాళ్ళ కాలంలో దానికి రాణిగారి పేరుండేది. ఏముందక్కడ అంటే, "లూసిటానియా వాళ్ళు," అన్నారు, అదేదో చుట్టాల ఇంటిపేరైనట్టు.

ఆ ఓడ గురించి నాకు తెలుసు. యుద్ధ వ్యాపారం మీద నేను చదివిన ఒక చిన్న పుస్తకంలో దానికి రెండు పేరాలున్నాయి. కారెక్కిన దగ్గర్నుంచి ఆ రెండు పేరాలూ ఆయనకి అప్పజెప్పాను. నాలుగు పొగగొట్టాల బ్రిటిష్ ఓడ. కట్టినప్పుడే ప్రభుత్వం సొమ్మిచ్చింది, యుద్ధమొస్తే వాడుకోవడానికి. పైన మెత్తటి కుర్చీలు, పియానోలు, అడుగున తూటాల పెట్టెలు. ఎక్కేవాళ్ళని జర్మన్లు పేపర్లో ముందే హెచ్చరించారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1915 మే ఏడున, ఈ తీరంలోనే కిన్‌సేల్ అవతల వాళ్ళ జలాంతర్గామి ఒక్క టార్పెడో వేసింది. పన్నెండు వందలమంది దాకా పోయారు. ఆ శవాల్ని చూపించి సామ్రాజ్యం ఇంకెన్ని వేలమంది కుర్రాళ్ళని సైన్యంలో చేర్చుకుందో!

అంకుల్ బండి నడుపుతూ "ఆయ్, ఆయ్," అంటూ విన్నారు. అంతా అయ్యాక, "ఎంతసేపట్లో మునిగిందో రాశారా నీ పుస్తకంలో?" అన్నారు.

"లేదు."

"పద్దెనిమిది నిమిషాలు."

ఊరి వెనక కొండ మీద పాత శ్మశానం. లోపల ఒక పక్కన మూడు పెద్ద సమాధులు, పచ్చిక మీద రాళ్ళు. ఒడ్డుకి తెచ్చినవాళ్ళలో పేరు తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ చాలామంది వాటిలో ఉన్నారు. మేం వెళ్ళేసరికి గడ్డి కోసే పెద్దాయన టోపీ ఎత్తి అంకుల్‌కి నమస్కారం పెట్టాడు. ఏటా చూస్తున్న మనిషన్నమాట.

అంకుల్ సంచిలోంచి ఎర్రగళ్ళ తువ్వాలు, ఇంటి దగ్గర పట్టుకొచ్చిన నీళ్ళ సీసా తీశారు. చేతి గడియారం చూశారు. రెండూ పది. టార్పెడో తగిలిన సమయం. తువ్వాలు మీద సీసాడు నీళ్ళూ పోసి, బాగా నాననిచ్చి, రాయి మొదట్లో వంగి రెండు చేతులా మెలిపెట్టి పిండారు. నీళ్ళు గడ్డిలోకి వెళ్ళాయి. మంత్రం లేదు, దీపం లేదు, ఏమీ లేదు.

"ఏంది అంకుల్ ఇది?"

"మా ఇంట్లో ఇలా చేస్తారు. వెనకాల ఎవరూ లేనోళ్ళకి, తిథి తెలియనోళ్ళకి. దోసిలితో ఇవ్వాలంటే పేరు కావాలి, గోత్రం కావాలి. గుడ్డ పిండి ఇవ్వడానికి ఏవీ అక్కర్లేదు."

"ఎదురుంగ సముద్రమే ఉంది గద, ఇంటికాడి నుంచి సీసాల మోసుకొచ్చుడెందుకు?"

ఆయన నావైపు కొంచెం జాలిగా చూశారు. "ఉప్పునీళ్ళు వాళ్ళు చాలా తాగేశార్రా. మంచినీళ్ళివ్వాలి."

ఆపైన, "ఇంక పద్దెనిమిది నిమిషాలు నోరు మూసుకుని కూచో. అంతసేపంటే ఎంతో తెలుస్తది," అన్నారు.

కూర్చున్నాను. ఐదు నిమిషాలకే నాలుక దురద పెట్టింది. పది నిమిషాలకి, ఇంకా ఎంతసేపురా దేవుడా అనిపించింది. పదిహేనో నిమిషంలో, కిందినుంచి పై అంతస్తుకి మెట్లెక్కి రావడానికే ఇంత పడుతుంది కదా అన్న ఆలోచన వచ్చింది. ఓడ ఒక పక్కకి వాలిపోయిందని, ఆ పక్క పడవలు దూరంగా వేలాడాయని, ఈ పక్క పడవలు ఓడకే గుద్దుకున్నాయని ఆయన కార్లో చెప్పారు. కరెంటు పోయి లోపలంతా చీకటైందని కూడా. అప్పుడది వాదంలో ఒక పాయింటులాగా విన్నాను.

తర్వాత రేవుకి దిగి, నీటి ఒడ్డున ఇనుప కటకటాల మీద తువ్వాలు ఆరేశారు. ఆ తువ్వాలు అక్కడే ఆరాలట, తడిగా ఇంటికి తీసుకెళ్ళకూడదట. అది ఆరేదాకా బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కులో అల్లం టీ తాగడం ఆయన అలవాటు. "ఐర్లండులో తువ్వాలు ఆరేదాకా ఆగాలంటే మనిషికి పింఛనుండాలి," అనేవారు. ఆయన ఎక్కువగా మాట్లాడేది ఆ బెంచీ మీదే. నేను తూటాల దగ్గరికే మళ్ళీ వచ్చాను.

"ఉన్నాయి. ఎవరు కాదన్నారు?" అన్నారు. "నేనూ ఓడల్లో పనిచేశాను. పెట్టెల్లో ఏవుందో ఇంజను గదిలోవాడికి ఎవరు చెప్తారు? ఓడకి జెండా పైనుంటది, మనుషులు కిందుంటారు. నువ్వు జెండాతో దెబ్బలాడుతున్నావు. ఆడు. నేను కిందోళ్ళ సంగతి చూస్తున్నాను."

నాకా జవాబు నచ్చలేదు. గట్టిగా ఎదుర్కోవాల్సిన చోట మెత్తబడిపోయినట్టు అనిపించింది. ఏడాది తర్వాత మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ వాదించుకున్నాం. ఆ ఎదురుగా నీళ్ళకి అవతల కనిపించే ఫ్యాక్టరీల్లోనే ఒకదాంట్లో నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు పొద్దున్నే గోడ దగ్గర, హెల్మెట్ ఎలా బిగించుకోవాలో చూపించింది ఆయనే.

ఆ పైయేడు ఉగాదికి మా తెలుగువాళ్ళంతా ఒక సంచిక వేద్దామనుకున్నారు. నేనొక వ్యాసం ఇచ్చాను. లూసిటానియా మీద. నా కోపం మొత్తం అందులో పెట్టాను. చివర్లో ఇలా రాశాను: 'మన నేల నుంచి ఎత్తుకెళ్ళిన కూలీలు అదే యుద్ధంలో పేరులేకుండా పోతే ఒక్కడూ గుర్తుచేసుకోడు. దొరల సమాధుల ముందు మాత్రం తువ్వాళ్ళు పిండే భక్తులు మనలో ఉన్నారు.' పేరు రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు. బాలింకాలిగ్‌లో తువ్వాలు పిండేది ఒక్కరే.

సంచిక వేసేవాళ్ళు సిటీవాళ్ళు, ఆ పోటు ఎవరికో వాళ్ళకి తెలియదు. ఓడల సంగతి కాబట్టి తప్పులుంటే దిద్దమని ఆ వ్యాసాన్ని అంకుల్‌కే పంపారు. రెండు రోజుల తర్వాత కాగితాలు గోడ మీద, గాలికి ఎగరకుండా స్పానరు కింద ఉన్నాయి. ఎర్ర పెన్సిలుతో దిద్దారు. 'పూర్తి వేగంతో దూసుకుపోతున్న ఓడ' అని నేను రాసినచోట కొట్టేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో ఉంది: 'పూర్తి వేగం కాదు. నాలుగు బాయిలర్ గదుల్లో ఒకటి ఆర్పేసి నడిపేవారు, బొగ్గూ మనుషులూ కలిసొస్తారని. ఆ మనుషుల సంగతి కూడా ఒక వాక్యం రాయి.' మరోచోట పొగగొట్టానికి నేను వాడిన మాట మార్చారు. చివరి పేరాలో ఒక్క గీతా లేదు. తువ్వాళ్ళ భక్తుల మీద పెన్సిలు ఆగిన గుర్తు కూడా లేదు.

ఆయనకి రోషం లేదనుకున్నాను. ఒక్కోసారి, నేను గెలిచాననుకున్నాను.

ఉగాది వచ్చేసరికి కరోనాతో పండగ హాలు మూతపడింది, ఊరు మూతపడింది. సంచిక వాట్సాప్‌లో వచ్చింది. అందరూ చదివారు. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. అంకుల్ గ్రూపులో ఒకే ముక్క రాశారు: 'బాయిలర్ లెక్క సరిచేసినందుకు సంతోషం.'

ఏప్రిల్ దాటి మే వచ్చింది. ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటడానికి లేదు. రోడ్ల మీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి అడుగుతున్నారు. కోవ్ మాకు చాలా దూరం. మాది మందుల ఫ్యాక్టరీ కాబట్టి నా దగ్గర ఉత్తరం ఉంది, పనికి వెళ్ళొచ్చని. ఒక సాయంత్రం అంకుల్ గోడ దగ్గరికి వచ్చారు. నిలబడే ఉన్నారు. ఆయన ఎప్పుడూ అడగాల్సింది నిలబడే అడిగేవారు.

"ఒరేయ్, ఏడో తారీఖు నీకు డ్యూటీ ఉందా?"

"లేదంకుల్. ఆరున ఉంది, ఎనిమిదిన ఉంది."

"ఆరో తారీఖైనా పర్లేదు. ఫ్యాక్టరీకని రింగాస్కిడ్డీ దాకా ఎలాగూ వెళ్తావు. వచ్చేటప్పుడు అలా ఫెర్రీ దాటితే ఐదు నిమిషాలు. సీసా, తువ్వాలు నేనిస్తాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదురా."

నేను చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అందుకే రాస్తున్నాను.

"ఆ ఉత్తరం నా పనికిచ్చిన్రు అంకుల్, మీ తువ్వాలకు కాదు. గార్డులు ఆపితే ఏమని చెప్పాలె? నూరేండ్ల కింద మునిగినోళ్ళకు నీళ్ళు తాగిపియ్యనీకె పోతున్నా అని చెప్పాలెనా?"

ఆయన గట్టిగా నవ్వారు. "అది చెప్తే వాడే కూడా వస్తాడు, ఐరిషోడు కదా!"

అక్కడితో ఆగితే బాగుండేది. "అయినా దొరల శవాలకు మీరు చేసే ఊడిగం నేను చెయ్య," అన్నాను.

నవ్వు ఆగింది. గోడ మీద ఆయన చెయ్యి ఉంది. మునివేళ్ళ వెనకవైపుతో ఇటుకని తాకి చూశారు, అది కాలుతుందేమో అన్నట్టు. "ఆయ్," అన్నారు. "గార్డుల మాట మాత్రం నిజమేలే." లోపలికి వెళ్ళిపోయారు. అరగంట తర్వాత గోడ మీద మామిడికాయ పప్పు గిన్నె ఉంది. తిన్నాను. గిన్నె కడిగి పెట్టాను. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఏడో తారీఖు మధ్యాహ్నం నడకకని ఏటి ఒడ్డు పార్కుకి వెళ్ళాను. బాలింకాలిగ్‌లో లీ నది పక్కన, బ్రిటిషు సైన్యానికి తుపాకి మందు నూరిన మిల్లుల పాత గోడలున్నాయి. పిల్లలు వాటి చుట్టూ సైకిళ్ళు తొక్కుకుంటారు. అంకుల్ నీళ్ళ అంచున నిలబడి గడియారం చూసుకుంటున్నారు. ఆంటీ కాస్త ఎగువన గట్టు మీద కూర్చుని ఉంది. నేను ఒక గోడ చాటున ఆగిపోయాను. ఆయన తువ్వాలు తడిపి ఏట్లోకి పిండారు. తర్వాత రాయి మీద కూర్చున్నారు. నేనూ కదల్లేదు. వెళ్ళిపోదామనే అనుకున్నాను, కానీ అడుగుల చప్పుడవుతుందని ఉండిపోయాను.

పద్దెనిమిది నిమిషాలయ్యాక, వెనక్కి తిరక్కుండానే, "చాటునుంచి చూస్తే సగమే పుణ్యంరా," అన్నారు.

వచ్చి రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాను. ఆయన ముఖంలో పాత మాటల జాడ లేదు. ఏదో పంపు సంగతి చెప్పినట్టు చెప్పారు. "ఇక్కడ వదిలామనుకో, రేపటికి సిటీలోకెళ్తది. ఆ పైన ఆటుపోటు. రెండు పోట్లు వెనక్కి నెట్టినా, ఎల్లుండి ఆటుకి కోవ్ దాటేస్తది. దారిలో ఎవడూ ఉత్తరం అడగడు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వు ఆపుకోవడానికి, ఈ మిల్లుల్లో చేసిన మందు ఎన్ని దేశాల్ని కాల్చిందో మొదలుపెట్టాను.

"ఆయ్. ఆ మందు పీపాలు ఎక్కడ దాచేవారో తెలుసా? మీ ఫ్యాక్టరీకి అవతల, నీళ్ళలో చిన్న రాతి దీవి ఉంటది చూడు. అక్కడ. ఇప్పుడందులో శవాలు దహనం చేస్తున్నారు. మందుగుండు కొట్టుకి అంతకంటే మర్యాదైన ఉద్యోగం దొరకదు," అన్నారు. ఆంటీ గట్టు మీంచి, "ఆ మాటలేంటండీ ఏటి దగ్గర!" అని కసిరింది.

ఆ రోజు క్షమించమని అడగడానికి చోటుంది. నది ఉంది, దూరం ఉంది, మాస్కు కూడా ఉంది, ముఖం కనబడదు. అడగలేదు. వేసవిలో రోజూ గోడ దగ్గర మాట్లాడుకున్నాం. టమాటాల గురించి, టీకా ఎప్పుడొస్తుందన్న దాని గురించి. ఆయన నాతో ఒక్క పొద్దయినా ముభావంగా లేరు. అడిగే పని రేపటికి, ఆ రేపటికి వాయిదా పడుతూ వచ్చింది. క్రిస్మస్ అయింది. జనవరి వచ్చింది.

అంత్యక్రియలకి పదిమందికి మించి వెళ్ళడానికి లేదు. ఇక్కడ ఈ కరోనా రోజుల్లో ఒక అలవాటు వచ్చింది. లోపలికి వెళ్ళలేనివాళ్ళు వీధి వెంబడి దూరం దూరంగా నిలబడి, బండి వెళ్తుంటే తలవంచుతారు. మా వీధిలో ఐరిషువాళ్ళూ తెలుగువాళ్ళూ గుమ్మాల్లో నిలబడ్డారు. ఎవరింట్లోనో ఆయన బాగుచేసిన హీటింగ్ నడుస్తూనే ఉండి ఉంటుంది. నేనూ వీధిలోనే నిలబడదామనుకున్నాను. ఆంటీ ముందురోజే గోడ మీంచి, "పదో మనిషివి నువ్వు నాన్నా," అని చెప్పింది.

శవపేటిక ఆ రాతి దీవికే వెళ్ళింది. దళసరి గోడలు, వంపు తిరిగిన పైకప్పు. ఒకప్పుడు పీపాలు పేర్చిన చోట కుర్చీలు దూరం దూరంగా వేశారు. అరగంటలో అయిపోయింది. బయటికి వస్తే గాలి. నీళ్ళకి అవతల కోవ్, కొండ మీద దాని పెద్ద చర్చి. ఆంటీ అటే చూస్తూ, మాస్కు సర్దుకుని, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది.

"మీ అంకుల్ తాతగారు కోరంగి మనిషి. రంగూన్ వెళ్ళి, అక్కణ్ణించి ఏదో తెల్లోళ్ళ ఓడలో బొగ్గు పనికి కుదిరారంట. ఆ యుద్ధంలోనే. మళ్ళీ రాలేదు. ఓడ పేరు తెలీదు, ఏ సముద్రమో తెలీదు, రోజు తెలీదు. వీళ్ళ నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ ఏటి దగ్గర తడిగుడ్డ పిండేదంట. ఈయనకి అలవాటైంది ఆవిడ దగ్గరే."

నా వ్యాసంలో చివరి పేరా ఒక్కో మాటగా గుర్తొచ్చింది. మన నేల నుంచి ఎత్తుకెళ్ళిన కూలీలు. ఒక్కడూ గుర్తుచేసుకోడు.

"మరి ఇక్కడెందుకు ఆంటీ? ఆ ఓడ వేరు గద?"

"అదే అడిగాను నేనూ, వచ్చిన కొత్తలో. 'మా తాత ఏ ఒడ్డుకి కొట్టుకొచ్చాడో. ఆ ఊరోళ్ళెవరైనా ఇన్ని నీళ్ళు పోసుంటారు కదా. నేను ఈ ఒడ్డున పోస్తే సరిపోతది' అన్నారు."

"నాకెందుకు చెప్పలే ఆంటీ? ఒక్క మాట చెప్తే..."

"చెప్పండీ అన్నాను. నువ్వా రాత రాసినప్పుడు. నాకైతే ఒళ్ళు మండింది నాన్నా, నీ దగ్గర దాచడమెందుకు. 'చెబితే వాడు సిగ్గుపడి ఒప్పేసుకుంటాడు. సిగ్గుతో ఒప్పుకున్నది నాలుగు రోజులుంటది. వాడి బుర్రకి తట్టి ఒప్పుకోవాలి, ఆగు' అన్నారు." కళ్ళు తుడుచుకుని, "ఆగారు మరి," అంది.

ఆ పక్కనే నిలబడ్డ వాళ్ళమ్మాయి నావైపు చూడకుండా, "హీ లైక్డ్ ఫైటింగ్ విత్ యూ, యూ నో," అంది.

ఈ మే నెల మొదట్లో ఆంటీ గోడ దగ్గరికి వచ్చింది. జిల్లా లోపల తిరగడానికి ఇప్పుడు అడ్డు లేదు. చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. "మాకు ఏడాది మైల కదా. మా ఇంట్లోవాళ్ళం వేరేవాళ్ళకి నీళ్ళు వదలకూడదు. ఈ ఏడు తప్పిపోతుందేమో," అంది. అంతే. నన్ను అడగలేదు. సంచి గోడ మీద పెట్టి, పైన స్పానరు పెట్టి వెళ్ళింది. ఎర్రగళ్ళ తువ్వాలు, ఉతికి మడత పెట్టి ఉంది. నీళ్ళ సీసా ఖాళీగా ఉంది. మా ఇంటి కుళాయిలోనే నింపాను.

ఏడో తారీఖున సెలవు పెట్టుకున్నాను. రైల్లో కోవ్ వెళ్ళి, కొండ ఎక్కాను. గడ్డి కోసే పెద్దాయన ఉన్నాడు. నన్ను, నా చేతిలో తువ్వాలుని చూసి, "ఆయన ఏడీ?" అన్నాడు. ఇక్కడివాళ్ళు 'హిమ్‌సెల్ఫ్' అంటారు, ఇంటి పెద్దని అడిగేటప్పుడు. చెప్పాను. టోపీ తీసి, "సారీ ఫర్ యువర్ ట్రబుల్," అన్నాడు. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళతో ఇక్కడ అనే మాట అది. నేను ఆయనకి ఏమీ కాను అని చెప్పబోయి మానుకున్నాను. "థాంక్యూ," అన్నాను.

రెండూ పదికి తువ్వాలు తడిపి పిండాను. నాకు పిండడం కూడా సరిగా రాలేదు. సగం నీళ్ళు నా బూట్ల మీదే పడ్డాయి. తర్వాత కూర్చున్నాను. ఆ ఓడలో తూటాలున్నాయని ఇప్పటికీ అంటాను. పేపర్లో హెచ్చరిక చూసి కూడా మనుషుల్నెక్కించి పంపినవాళ్ళనీ, ముందుగా చెప్పానుగా అని టార్పెడో వేసినవాణ్ణీ ఇప్పటికీ క్షమించను. అంకుల్ కూడా క్షమించమని ఎప్పుడూ అనలేదు. ఆర్పేసిన బాయిలర్ గదిలో పని తప్పి ఒడ్డున మిగిలినవాళ్ళెవరో, మండుతున్న గదుల్లో పార పట్టుకుని ఉన్నవాళ్ళెవరో, రంగూన్‌లో ఓడెక్కిన కోరంగి మనిషి ఆ యుద్ధంలో ఏ నీళ్ళలో ఉన్నాడో. ఆ వాక్యం రాయమని ఎర్ర పెన్సిలుతో అడిగారు. ఏడాది ఆలస్యంగా రాస్తున్నాను.

గడియారం చూడకుండానే లేచాను. లేచాక చూస్తే పంతొమ్మిది నిమిషాలైంది.

రేవుకి దిగి, కటకటాల మీద తువ్వాలు ఆరేశాను. ఎదురుగా నీళ్ళు, వాటి అవతల ఆ చిన్న రాతి దీవి. బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కు మూత తీశాను. అల్లం ఎక్కువైంది. తువ్వాలు కొసనుంచి చుక్కలు ఒక్కొక్కటిగా రాతి మీద పడుతున్నాయి. ఇంతలో సన్నగా జల్లు మొదలైంది, ఇక్కడి జల్లు సంగతి తెలిసిందే. పక్క బెంచీ మీది ఆవిడ గొడుగు తెరుచుకుంటూ, నీ బట్ట తడుస్తోందని చెయ్యి ఊపింది. తెలుసన్నట్టు తలూపాను. గాలి దీవి వైపునుంచి వచ్చి తువ్వాలుని లేపింది, వదిలింది, మళ్ళీ లేపింది. కార్క్‌కి వెళ్ళే రైలు కూత వినిపించింది. తువ్వాలు ఇంకా ఆరలేదు.